సీలేరు పళ్ళెంలో పప్పు వాటా

పప్పుదినుసులు తింటే భోజనానంతరం రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందనే సలహా విస్తరణ సభలలో తరచుగా వినిపిస్తుంది. మాట నిజమే, కాని అది సగం మాట. ఎంత పప్పు, దేనికి బదులుగా, ఏ రూపంలో అన్నది చెప్పకపోతే ఆ సలహా గూడెం కొత్తవీధి మండలంలోని సీలేరు వంటి కొండ గ్రామాలలో ఎవరికీ ఉపకరించదు.

గ్లైసీమిక్ సూచికను 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. గ్లూకోజును 100గా తీసుకుంటే తెల్లని వరి అన్నం 70 పరిసరాలలోను, ఉడికించిన మసూరు పప్పు 30 పరిసరాలలోను నిలుస్తాయి. రాజ్మా కూడా ఇంచుమించు మసూరు సరసనే ఉంటుంది. ఉదయం మసూరు తిన్నవారిలో మధ్యాహ్న భోజనం తరువాత కూడా చక్కెర పెరుగుదల తగ్గుతుందని ఆ బృందమే 1982లో చూపింది. పప్పుగింజలోని పిండిపదార్థం దృఢమైన కణకవచాల లోపల బంధించబడి ఉంటుంది. అందులో అమైలోజ్ పాలు ఎక్కువ. జీర్ణరసాలు దానిని చేరడానికి సమయం పడుతుంది. జీర్ణం కాక మిగిలిన పీచు, పిండి పెద్దప్రేగులో పులిసి హ్రస్వశృంఖల కొవ్వు ఆమ్లాలుగా మారతాయి. తరువాతి భోజనం వరకు కొనసాగే ప్రభావానికి ఇది ఒక కారణం. గింజను మెత్తని పిండిగా విసిరితే కవచాలు పగిలి లాభంలో కొంత పోతుంది.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన ప్రయోగం ఇక్కడ ముఖ్యమైనది. అన్నంలో సగాన్ని తీసివేసి ఆ స్థానంలో మసూరు పెట్టినప్పుడు ఆరోగ్యవంతులలో భోజనానంతర గ్లూకోజు సుమారు 20 శాతం తగ్గింది. గమనించవలసినది 'తీసివేసి' అన్న మాట. పళ్ళెం నిండుగా అన్నం వడ్డించి, పైన గరిటెడు పలుచని పప్పునీరు పోసి, ఇదే ఫలితాన్ని ఆశించడం తగదు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో రోజుకు 250 గ్రాముల ధాన్యాలకు 85 గ్రాముల పప్పుదినుసులను సూచించాయి. ఇంచుమించు మూడు పాళ్ళకు ఒక పాలు. మన వంటిళ్ళలో ఈ నిష్పత్తి అరుదు.

సీలేరు పరిసరాల పోడు చేలలో సామ, చోడి నడుమ కంది, బొబ్బర, ఉలవ కలిపి విత్తే పద్ధతి పాతది. ఆ చేను తిండిలో పప్పు వాటాను తనంత తానే నిర్ణయించేది. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలకు హక్కు కల్పించింది, పప్పుదినుసులకు కల్పించలేదు. ఆకలి తీర్చిన చట్టాన్ని నిందించడం న్యాయం కాదు. కాని బియ్యం హక్కుగాను, పప్పు కొనుగోలుగాను మారినచోట పళ్ళెం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. పైగా వానకాలం చివర విత్తే రాజ్మా ప్రధానంగా సంతకు వెళ్ళే పంట. పండించిన ఇంట మిగిలేది కొద్ది.

సిరిధాన్యాలు తిరిగి వస్తే చాలుననే ఉత్సాహం కూడా ఈ మధ్య పెరిగింది. పిండి చేసి జావగా కాచిన చోడి అంబలి చక్కెరను నెమ్మదిగానే పెంచుతుందని హామీ ఇవ్వలేము. చోడి పక్కన కంది ఉండాలి, చేనులోను, పళ్ళెంలోను.

పరిశోధనలు మసూరుపై జరిగాయి కనుక మసూరునే తినాలని చెప్పడం మరొక పొరపాటు. అది ప్రధానంగా ఉత్తర, మధ్య భారతపు రబీ పంట. కొండవాసి దానిని దుకాణంలో కొనుక్కోవాలి. చేతిలోని ఉలవను, బొబ్బరను, రాజ్మాను వదలి దానికోసం వెదకనక్కరలేదు. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పచ్చి గింజలోని లెక్టిన్ వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా తెర్లించి మెత్తబడేవరకు ఉడికించాలి. ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఆహారాన్ని ఒక్కసారిగా మార్చక వైద్యుని సలహా తీసుకోవాలి.

అసలు అడ్డంకి కట్టెలపొయ్యి దగ్గర ఉంది. వేడిలో, తేమలో నిల్వ ఉన్న గింజ గట్టిపడి ఎంతకీ ఉడకదు. గంటల తరబడి కట్టెలు కాల్చవలసిన గింజను ఇల్లాలు రోజూ వండదు. బియ్యం త్వరగా ఉడుకుతుంది. ఈ నిర్ణయంలో అజ్ఞానం ఏమీ లేదు. కనుక చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల రాజ్మా, కంది, ఉలవ రకాలను పోల్చేటప్పుడు హెక్టారు దిగుబడి, తెగులు నిరోధకత పక్కనే ఉడికే సమయాన్ని కూడా నమోదు చేయాలి, కోసిన వెంటనే ఒకసారి, ఆరు నెలల నిల్వ తరువాత మరొకసారి. మిశ్రమ పంటల ప్రయోగాలలో సమాన దిగుబడిని ధరలలో లెక్కించే అలవాటుకు తోడుగా, ఎకరం చేను ఒక కుటుంబానికి ఎన్ని రోజుల పప్పు ఇస్తుందో లెక్కించే గడి ఒకటి పట్టికలో చేర్చవచ్చు. పరిశోధక విద్యార్థికి అది ఒక ఋతువు పని.