అమ్మం, ఇవ్వం, ఎత్తి చూపం
పల్నాటి లైసెన్సు తుపాకీదారుల ప్రణాళిక

మా ఇళ్లల్లో తుపాకి ఉండే చోటు ఇనప్పెట్టె. పైన పొలం పాసుపుస్తకాలు, కింద పెళ్లినాటి పట్టుబట్టలు, వాటి మధ్య రెండు ముక్కలుగా విప్పి నూనెగుడ్డలో చుట్టిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. పక్కన సగం ఖాళీ అయిన తూటాల పెట్టె, అంచులు నలిగిన లైసెన్సు పుస్తకం. తాళంచెవి ఇంటి యజమాని మొలతాడుకు ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ మూట విప్పే పనే పడదు.

మేం నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం. మిర్చి, పత్తి, వరి పండించే రైతులం కొందరం, పట్టాళంలో చేసి వచ్చినవాళ్లం కొందరం, బ్యాంకు దగ్గర కాపలా కాసేవాళ్లం ఒకరిద్దరం. తండ్రి పోయాక ఆయన తుపాకి తమ పేరుకు మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. మాలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. ఈ కాగితం మీద మాత్రం ఏ కండువా రంగూ లేదు.

1. అక్కడి మాట

అమెరికాలో ఉంటున్న మా పిల్లలు ఫోనులో చెప్పిన సంగతి ఒకటి మా రచ్చబండ మీద చాలా రోజులు నలిగింది. టెనెసీ రాష్ట్రంలో రానీ బ్యారెట్ అని ఒక తుపాకుల తయారీదారు ఉన్నాడు. ఆయన చేసే పెద్ద రైఫిళ్లను పౌరుల చేతికి అందకుండా చేయాలని 2002లో లాస్ ఏంజెలెస్ నగరంలో చర్చ నడుస్తోంది. అదే సమయానికి ఆ నగర పోలీసుల రైఫిల్ ఒకటి బాగుచేయడానికి ఆయన దగ్గరికే వచ్చింది. దాన్ని బాగుచేయనని పోలీసు అధిపతికే ఉత్తరం రాశాడాయన. 2004లో కాలిఫోర్నియా రాష్ట్రమంతా ఆ రైఫిళ్లను నిషేధిస్తే, ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖలకు అమ్మకాలు ఆపేశాడు. 2013లో న్యూయార్క్ కొత్త చట్టం తెచ్చినప్పుడు లారూ టాక్టికల్, ఒలింపిక్ ఆర్మ్స్ లాంటి కంపెనీలు ఇదే దారి పట్టాయి. పౌరుడికి అమ్మనివ్వని సరుకు పోలీసుకూ అమ్మబోమన్నాయి. అక్కడి తుపాకీదారులు వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు. కొంటే వీళ్ల సరుకే కొంటామన్నారు.

దీన్ని మేం గుడ్డిగా మెచ్చుకోవడం లేదు. పోలీసులకు పెద్ద ఎత్తున తుపాకులు అమ్మే కంపెనీలు కదల్లేదు, చిన్నవాళ్లే నిలబడ్డారు. కాలిఫోర్నియా నిషేధం ఇవాళ్టికీ ఉంది. అయినా ఆ మాటలో ఒక నీతి ఉంది: పాలించేవాడికీ పాలితుడికీ ఒకే కొలమానం పెట్టు, లేదా నా కొట్టు మెట్లెక్కకు. నష్టానికి ఓర్చి ఆ మాట అనగలిగిన వ్యాపారికి మా మద్దతు ఉంటుంది.

2. ఇక్కడి మాట

సర్కారుకు సరుకు అమ్మనని చెప్పడం పల్నాడుకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. 1921లో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమని తెల్లదొరల ప్రభుత్వం మెడ మీద కూర్చుంటే, మన తాతలు కట్టేది లేదన్నారు. అంతటితో ఆగలేదు. ఊళ్లోకి వచ్చిన ఉద్యోగికి కొట్టువాడు సరుకు అమ్మలేదు. బట్టలుతికేవారు ఉతకలేదు, క్షవరం చేసేవారు కత్తి తీయలేదు. ఆ ఉద్యమంలో ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి జైలుకెళ్లారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు కూలిపోయాడు.

ఆ రోజు తుపాకులన్నీ ఒకవైపే ఉన్నాయి. 1878 నాటి ఆయుధ చట్టం తెల్లవాడికి మినహాయింపు ఇచ్చి, మనవాడికి లైసెన్సు పెట్టింది. అందుకే 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కుల్లో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చోటు చేసుకుంది. 1948లో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని సవరణ తెస్తే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. రాజ్యాంగం మనకిచ్చింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు. ఆ తీర్పును మేం శిరసా వహిస్తాం. తుపాకి మా జన్మహక్కని మేం వాదించడం లేదు. 1959 ఆయుధ చట్టం కింద దొరికే అనుమతి అది. అనుమతి అయినంత మాత్రాన దాన్ని అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేయమని ఆ చట్టం చెప్పలేదు.

3. మన తూటా ఎవరిది?

మా పెట్టెల్లో ఉన్న తూటా మీద ఖడ్కీ ముద్ర ఉంటుంది. పుణె దగ్గర ఖడ్కీలో ఉన్న తూటాల కర్మాగారం 1869 నాటిది. తెల్లదొర ఉన్నప్పుడూ అది సర్కారుదే, వెళ్లాకా సర్కారుదే. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలు చేశాక అది మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. పేరు మారినా సొంతదారు మారలేదు. లైసెన్సు ఇచ్చేదీ, తూటా చేసేదీ, ఒకసారి ఎన్ని కొనాలో ఏడాదికి ఎన్ని కొనాలో పుస్తకంలో రాసేదీ ప్రభుత్వమే. సర్కారుకు అమ్మనని చెప్పగల బ్యారెట్ మనకు లేడు. ఉంటాడని ఎదురుచూడటం నాగులేటికి నడివేసవిలో వరద రావాలని కోరుకున్నట్టు ఉంటుంది.

అయితే కాదనే శక్తి మరో చోట మిగిలి ఉంది. అది తుపాకి సొంతదారు చేతిలోనే ఉంది. మన నేల మీద తుపాకిని అడిగేది సర్కారు ఒక్కటే కాదు. ఎన్నికల ముందు రాత్రి మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వస్తాడు. "అన్నా, ఒక్క పూట ఇవ్వు, పెద్దాయన అడగమన్నాడు" అంటాడు. పెళ్లి ఊరేగింపులో బావమరిది వస్తాడు. "బావా, రెండు పేల్చు, వీడియో తీస్తా" అంటాడు. వాళ్ల ముందు నోరు పెగలనివాడు అధికారి ముందు హక్కు అడిగితే ఎవరు వింటారు?

2024 మే 13న పోలింగు రోజున మన జిల్లా ఎందుకు దేశమంతా వార్తల్లోకెక్కిందో మనకు తెలుసు. పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యాన్ని ఊరూరా చూశారు. ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేసింది, ఎస్పీని సస్పెండు చేసింది. నాటు బాంబులు, రాళ్లు, కర్రలు చేసిన పని అది. అయినా బయటివాడికి పల్నాడంటే ఆయుధం, ఆయుధమంటే మనమే. ఆ మచ్చ తుడుచుకోవాల్సింది కూడా మనమే.

4. మా ఒప్పందం

ఒకటి. లైసెన్సు మనిషికి ఇచ్చారు. ఇంటికి గానీ కులానికి గానీ పార్టీకి గానీ ఇవ్వలేదు. కాబట్టి మా తుపాకి, మా తూటా వేరే చేతికి వెళ్లవు. అన్న అడిగినా, నాయకుడు అడిగినా, ప్రాణమిత్రుడు అడిగినా ఇవ్వం.

రెండు. పెళ్లిలో, జాతరలో, గెలుపు ఊరేగింపులో పేల్చం. సంబరానికి పేల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలోకి నెట్టిన వాడికి రెండేళ్ల వరకు జైలు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయని ఆయుధ చట్టానికి చేసిన 2019 సవరణ చెబుతోంది. చట్టం రాకముందే మనకు ఆ సిగ్గు ఉండాల్సింది.

మూడు. ఫ్లెక్సీ మీద తుపాకితో ఫొటో వేయించుకోం. ఫోనులో రీలు చేయం. మా పిల్లలు చేస్తే ఫోను లాక్కుంటాం.

నాలుగు. తాగి ఉన్నప్పుడు ఇనప్పెట్టె తాళంచెవి ఇల్లాలి దగ్గర ఉంటుంది. ఇంట్లో గొడవలు ఉన్నా, ఎవరైనా చచ్చిపోతానని అంటున్నా, తుపాకిని అదే రోజు లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గానీ స్టేషనులో గానీ జమ చేస్తాం.

అయిదు. కొన్న తూటా, కాల్చిన తూటా, మిగిలిన తూటా లెక్క నోటుపుస్తకంలో రాసుకుంటాం. ఎవరడిగినా చూపిస్తాం. అనుమానం కలిగిన కొనుగోలుదారుకు సరుకు లేదని చెప్పే దుకాణదారుకు మేం అండగా నిలుస్తాం. అతనికి ఆ బేరం పోయినా, మా బేరం పోదు.

ఆరు. పందులు చేలో పడ్డాయని అనుమతి లేకుండా కాల్చం. కరెంటు తీగలు కట్టనివ్వం. ఆ తీగలకు పందుల కంటే ముందు పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు చచ్చిపోతాడు.

ఏడు. నాటు బాంబు చుట్టేవాడితో, నాటు తుపాకి చేసేవాడితో మాకు చుట్టరికం లేదు. మా ఊళ్లో అలాంటి పని తెలిస్తే నోరు మూసుకోం.

ఎనిమిది. మాలో ఎవరైనా ఈ మాటల్లో ఒకటి తప్పితే అతని పేరు రచ్చబండ మీద చెబుతాం. అతని తరఫున లైసెన్సు రెన్యువలుకు ఎవరం మాట సాయం చేయం.

5. ప్రభుత్వాన్ని అడిగేది

మేం ఎనిమిది మాటలిచ్చాం. మీ దగ్గర అయిదు మాటలు అడుగుతున్నాం. కొత్తవేమీ కావు, చాలావరకు మీ పుస్తకాల్లో ఉన్నవే.

ఒకటి. లైసెన్సు కాదంటే కారణం కాగితం మీద రాయండి. ప్రజాప్రయోజనానికి అడ్డం కానంత వరకు, దరఖాస్తుదారు అడిగితే ఆ కారణాలు ఇవ్వాలని ఆయుధ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కారణం తెలియనివాడు 18వ సెక్షన్ కింద అప్పీలు ఎలా చేసుకుంటాడు? "పైనుంచి చెప్పారు" అన్న జవాబు ఏ సెక్షన్ కిందికి వస్తుందో ఎవరూ మాకు చెప్పలేదు.

రెండు. 2016 ఆయుధ నియమాలు పోలీసు నివేదికకు 30 రోజులు, ఆ నివేదిక అందాక నిర్ణయానికి 60 రోజులు గడువు పెట్టాయి. ఆ గడువును పంట రుణం కిస్తీ గడువులాగా పాటించండి. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే మాకు ఏం జరుగుతుందో మీకు తెలుసు.

మూడు. ఎన్నికలప్పుడు తుపాకులు జమ చేయించుకోండి, మేం అడ్డురాం. కేసులున్నవాళ్లవి, గొడవల చరిత్ర ఉన్నవాళ్లవి ముందు తీసుకోండి. కలెక్టరు, ఎస్పీ ఉండే స్క్రీనింగు కమిటీ మనిషి మనిషినీ చూసి తేల్చాలని ఎన్నికల సంఘమే చెప్పింది. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. జమ చేసిన తుపాకి ఏ స్థితిలో ఉందో రసీదులో రాయండి. మాలో ఒకరి తండ్రి నాటి తుపాకి స్టేషను గదిలో వానాకాలం అంతా తడిసి, గొట్టం లోపల తుప్పుతో తిరిగొచ్చింది. అడిగితే "ముందే ఉందేమో" అన్నారు. ఆయన నోట మాట రాలేదు. ఇంటికొచ్చి రాత్రంతా కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం తోముతూ కూర్చున్నాడు.

నాలుగు. లైసెన్సు కావాలంటే భద్రతా శిక్షణ పొందిన సర్టిఫికెట్ తెమ్మంటున్నారు, మంచిదే. ఆ శిక్షణ జిల్లాలోనే దొరికేలా చూడండి. సురక్షితంగా తుపాకి పట్టడం నేర్చినవాడు పది మందికి నేర్పుతాడు.

అయిదు. మా లైసెన్సు పుస్తకాన్ని వెతికినంత శ్రద్ధతో నాటు బాంబుల గిడ్డంగులను వెతకండి. బాంబుకు లైసెన్సు లేదు, నంబరు లేదు, రెన్యువలు లేదు. రికార్డులో ఉన్నవాడిని పట్టుకోవడం సులువు కాబట్టి వాడినే పట్టుకుంటామంటే, రికార్డులోకి రావడమే తప్పన్న పాఠం మీరే నేర్పినట్టు అవుతుంది.

6. కారెంపూడి చెప్పింది

ఏటా కార్తికమాసంలో కారెంపూడి వీరుల గుడి దగ్గర అయిదు రోజులు ఆరాధన జరుగుతుంది. ఒక్కో రోజుకు ఒక్కో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు ఊరూరి నుంచి ఆయుధాలు భుజాన పెట్టుకుని వస్తారు. నాగులేటి నీళ్లల్లో వాటిని కడుగుతారు. చాపకూడు అనే బంతిభోజనంలో అన్ని కులాల వాళ్లూ ఒకే చోట కూర్చుని తింటారు. ఆయుధాలకు దండం పెట్టుకుంటారు, అయిదు రోజులు అయ్యాక వాటిని తిరిగి ఇళ్లకు తీసుకెళ్తారు.

ఆ వరుస గమనించండి. యుద్ధానికి ముందు రాయబారం ఉంది. యుద్ధం మధ్యలో బంతిభోజనం ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట పల్నాటి యుద్ధంలో అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్న చోట, ఇవాళ ఆయుధానికి ఒక రోజు ఉంది, ఒక నియమం ఉంది, తిరిగి పోయే ఇల్లు ఉంది. మా పన్నెండు బోరు తుపాకికి మేం కోరేది కూడా అంతే.

ఈ ప్రణాళికను నకళ్లు తీయించి ఒక్కో ఇంటికి ఒకటి ఇచ్చాం. ఇనప్పెట్టెలో లైసెన్సు పుస్తకం పక్కనే పెట్టుకుంటాం. ఎన్నికల ముందు రాత్రి ఎవరైనా వచ్చి "ఒక్క పూట ఇవ్వన్నా" అంటే, తాళం తీస్తాం. తుపాకి మూట జరిపి ఈ కాగితం బయటికి తీసి, లైటు కింద నిలబెట్టి వాడి చేతనే చదివిస్తాం. ఆ తర్వాత పెట్టె మూసి తాళం వేస్తాం.