చింతాద్రిపేట నేర్పు పాఠము

చెన్నపట్టణమున కూవమునది వంపులో చింతాద్రిపేట యున్నది. ఈ పేరు విన్నవారు అద్రికి సంబంధించిన స్థలపురాణ మేదియో యుండునని తలచుట సహజము. నిజమునకు అది ‘చిన్న తరి పేట’. తరి యనగా అరవమున మగ్గము. పేట పుట్టుక పేరులోనే యున్నది.

1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్టు దీనిని నెలకొల్పెను. ఎగుమతికై నేతగుడ్డలు కావలసిన కుంపిణీవారు నేతపనివారిని కోటకు చేరువలో నిలుపదలచిరి. అంతకుముందు వారి ప్రధానవర్తకుడై యుండిన సుంకు రామచెట్టి తోటభూమి ఇందులకై తీసికొనబడెను. పేటను నిర్మించి పనివారిని రప్పించు భారమును ఆదియప్ప నారాయణచెట్టి వహించెను. నూలు వడుకువారికి, నేతగాండ్రకు, అద్దకపువారికి, చాకళ్లకు, దేవాలయములను కొలుచువారికి అచట నివాసము కల్పించిరి. ఆదికేశవ, ఆదిపురీశ్వరుల యాలయములు నేటికిని ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి.

దీనిని కుంపిణీవారి యౌదార్యమని మేము చెప్పజాలము. వారు కోరినది సరకు. పనివాని సుఖము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లదేశపు యంత్రవస్త్రములు వచ్చిపడి మన చేనేతను క్రుంగదీసినపుడు ఆ దొరతనమే చూచుచు నూరకుండెను. అయినను ఒక సత్యమును వా రెరిగియుండిరి: పనివాడు పనికి దగ్గర నుండవలెను; వానికి ఇల్లును, తోడివారును, కొలుచుకొన గుడియు నుండవలెను.

ఈ సత్యమును మన ప్రభుత్వములు మరచుచున్నవి. కూవమును బాగుచేయు ప్రయత్నములో దాని గట్టుల నివసించు పేదకుటుంబములను అనేకమును నగరపు దక్షిణపుటంచునగల పెరుంబాక్కమునకు తరలించిరి. హైదరాబాదున 2024లో మూసీగర్భమునుండి కుటుంబములను రెండుపడకగదుల ప్రభుత్వగృహములకు పంపినపుడును ఈ ప్రశ్నయే తలయెత్తినది. నదులు శుభ్రపడవలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. వరదకు లోబడు గుడిసెలో బిడ్డలను పెంచుట క్షేమమనియు మే మనము. కాని కూలి దొరకు వీథికిని ఇంటికిని నడుమ గంటల ప్రయాణము పెట్టినచో, సంపాదనలో కొంత బండిచార్జీలకే పోవును. పిల్లల చదువు చెడును. పక్కా యిల్లు దక్కినను బ్రదుకు దక్కదు.

ఇది పేదలకు మాత్రమే చెందిన విషయము కాదు. పట్టణమున ఇండ్లుగల గృహస్థులు ఎవరి చేతిపనిమీద ఆధారపడియున్నారో యోచింపవలెను. ఖాళీ చేయింపకముందే, పూర్వపు నివాసమునకు సమీపమున, బడియు వైద్యశాలయు గల చోట ఇండ్లు నిర్మించి చూపుట ప్రభుత్వముల విధి. నగరముల నడుమ సర్కారు భూములు అమ్మకమునకు వచ్చినపుడు అందు కొంతభాగము నిందులకు ప్రత్యేకించుట అసాధ్యము కాదు.

లాభమునకై కుంపిణీ చేసినదానిని, న్యాయమునకై ప్రజాప్రభుత్వము చేయలేదా?