చెవి బిరడాలు

నాకు సంగీతం రాదు. వినడం మాత్రం వచ్చునని చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి ఆ నమ్మకం సడలింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో కీచురాయి అరుస్తోంది. కిటికీ మూశాను, అరుపు తగ్గలేదు. బాల్కనీ తలుపు వేశాను, తగ్గలేదు. చివరికి రెండు చెవులూ మూసుకుంటే మరింత స్పష్టంగా వినిపించింది. కీచురాయి నా ఎడమ చెవిలోనే కాపురం పెట్టిందని అప్పుడు తెలిసింది.

చెవి వైద్యుడు ముందు పరీక్ష చేయించి, ఆ తర్వాత తీరిగ్గా ప్రశ్నలు వేశారు. ఇయర్‌ఫోన్లు వాడతారా అన్నారు. రోజూ రానూ పోనూ మూడు గంటలు అన్నాను. ఎక్కడ అన్నారు. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీ దాకా, 2019లో మెట్రో దారి పూర్తయ్యేవరకూ బస్సులో, ఆ తర్వాత రైల్లో అన్నాను. శబ్దం ఎంత పెడతారు అన్నారు. "వినిపించేంత" అన్నాను. ఆయన నవ్వి, "ఆ వినిపించేంత దగ్గరే వచ్చిందండీ చిక్కు" అన్నారు. చేతికిచ్చిన ఆడియోగ్రామ్‌లో గీత అంతా బుద్ధిగానే నడిచి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో కాలు వేసినట్టు దిగి, 8000 దగ్గర మళ్ళీ లేచింది. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవి సాధారణంగా పెట్టే సంతకం అదేనట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలుంటాయి. పక్షులకు అవి పోయినా తిరిగి మొలుస్తాయి. మనిషికి మొలవవు. పావురం పాటి అదృష్టం కూడా లేదన్నమాట మనకు.

ఇంటికొచ్చాక నా ఇయర్‌ఫోన్లన్నీ బల్లమీద పరిచి చూసుకున్నాను. వాటిని ఎలా ఎంచుకున్నానో తలచుకుంటే సిగ్గేసింది. ఎవరైనా సరే కొనేముందు మూడు సంగతులు చూస్తారు. మొదటిది నాదం ఎలా ఉంది, రెండోది చెవికి సుఖంగా ఉందా, మూడోది బయటి రొదను ఎంత ఆపుతుంది. వరుస కూడా అదే. మూడోదాన్ని భోజనంలో అప్పడంలా చూస్తాం, ఉంటే మంచిదే, లేకపోతే నష్టం లేదని. నా అభిప్రాయం ఇప్పుడు పూర్తిగా తారుమారయింది. రొద ఆగకపోతే నాదమన్నది లేదు. పైగా ఈ మూడూ వేర్వేరు గుణాలే కావు. మూడింటినీ నిర్ణయించేది పెట్టె అడుగున పారదర్శకపు సంచిలో మూడు సైజుల్లో పడివుండే రబ్బరు టోపీలు. మనలో చాలామంది ఆ సంచి విప్పనైనా విప్పరు.

మా అమ్మ వీటిని చెవి బిరడాలనేది. వెక్కిరింపుగానే అనేది గాని ఆ మాట ఎంత సరైనదో నాకు ఆలస్యంగా తెలిసింది. సీసా మూతకు పెట్టేదీ బిరడాయే, వీణ మీద తీగను బిగించి శ్రుతి సరిచేసేదీ బిరడాయే. ఈ రబ్బరు టోపీ ఆ రెండు పనులూ ఒక్కసారే చేస్తుంది.

నమ్మకం లేకపోతే మీ దగ్గరున్న చెవిలో దూరే రకం ఇయర్‌ఫోన్లతోనే పరీక్షించి చూడండి. మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి పెట్టండి. ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. మృదంగపు ఎడమ వైపునుంచి వచ్చే ఆ గుమికి పలుకుతుంది, గమకంతో సహా. వేలు తీసి కాస్త వదులు చెయ్యండి, ఎడమ వైపు మాయమై కుడి చేతి దెబ్బలు మాత్రం టకటక మిగులుతాయి. వాద్యం అదే, యంత్రం అదే. మారింది ఒక్క సందు. మంద్రస్వరాలను చెవిలోకి మోసేది మూసుకున్న ఆ కాస్త గాలే. ఎక్కడ సన్నని సందు దొరికినా ముందుగా జారిపోయేవి మంద్రాలే. "ఈ జతలో బేస్ లేదు" అని ఫిర్యాదు చేసేవారిలో చాలామందికి లేనిది బేస్ కాదు, సరైన టోపీ. మనిషికి రెండు చెవి రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం కూడా లేదు. నాకు ఎడమకు మధ్యరకం, కుడికి పెద్దది సరిపోయాయి. ఇరవై ఏళ్ళుగా రెండింటికీ మధ్యరకమే వాడి, కుడివైపు వినికిడి తక్కువని నా చెవిని అనుమానించాను పాపం.

ఇక బల్లమీది జతల సంగతి.

మొదటిది ఫోనుతో పాటు ఉచితంగా వచ్చినది. టోపీ ఉండదు, చెవి గుమ్మంలో ఊరికే కూర్చుంటుంది. సుఖంలో దీనికి సాటి లేదు, పెట్టుకున్నట్టే ఉండదు. నిశ్శబ్దమైన గదిలో మంచి నేస్తం. కాని బస్సెక్కగానే గుమ్మంలోంచి ఇంజనూ, కండక్టరూ, పక్కసీటు వారి ఇంటి గొడవలూ అన్నీ లోపలికొస్తాయి. తోసెయ్యడానికి మనకున్న ఆయుధం ఒక్కటే, శబ్దం పెంచడం. నా కీచురాయి ఈ గుమ్మం గుండానే వచ్చింది.

రెండోది కోఠీ గుజరాతీ గల్లీలో పదిహేను వందలు పెట్టి కొన్న తీగ జత. రబ్బరు టోపీతో చెవిలో దూరుతుంది. కొట్టులో పెట్టుకొని చూడనివ్వలేదు. ఒకరి చెవిలోది ఇంకొకరు పెట్టుకోవడం శుభ్రం కాదు కాబట్టి తప్పు పట్టలేం. కానీ చెప్పు తొడిగి చూస్తాం, చొక్కా భుజాన వేసి చూస్తాం, ఇది మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి కొనుక్కోవాలి. పెట్టె మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ఘనంగా రాసి ఉంటుంది. ఆ హద్దుల మధ్య ఎక్కడ ఎన్ని డెసిబెల్స్ ఎగుడుదిగుళ్ళున్నాయో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఊరినుంచి ఊరికి రోడ్డుందని చెప్పి గోతుల సంగతి దాచడం లాంటిది. ఈ జతతో నాకు వచ్చిన పేచీ వేరు. నడుస్తుంటే చొక్కాకు తీగ రాసుకున్న చప్పుడు చెవిలో ఉరుములా వినిపిస్తుంది. మన అడుగుల చప్పుడు, నమిలిన చప్పుడు మనకే పెద్దవై వినిపిస్తాయి. చెవి మూస్తే ఎముకల గుండా వచ్చిన శబ్దం బయటికి పోలేక లోపలే తిరుగుతుంది. తీగను చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకుంటే సగం బాధ పోతుంది. ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు, ఎదురు సీటులో ఒక కుర్రవాడిని చూసి నేర్చుకున్నాను.

మూడోది ఒక మిత్రుడు వారంరోజులు వాడుకోమని ఇచ్చినది. ఒకదానిమీద ఒకటి మూడు గొడుగులున్నట్టు ఉంటుంది దాని టోపీ. ఈ తరహాకు ఒక చరిత్ర ఉంది. వినికిడి శాస్త్రజ్ఞుడు మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. వినికిడి యంత్రాల్లో వాడే చిన్న ఆర్మేచర్ స్పీకర్‌ను సంగీతానికి పనికొచ్చేలా మలచి, చెవిలో లోతుగా దించే పద్ధతి. చెవి వినడం తగ్గినవారి కోసం పుట్టిన పరికరం సంగీతప్రియుల దగ్గరకు రావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. సరిగ్గా దిగితే ఈ రకం 35 డెసిబెల్స్ వరకూ రొదను ఆపుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. దించడమే ఒక క్రతువు. ఎడమచేతిని తల వెనకనుంచి తిప్పి కుడిచెవిని పైకీ వెనక్కీ లాగి, కుడిచేత్తో టోపీని మెల్లగా తిప్పుతూ తొయ్యాలి. మెట్రోలో చేస్తే గుంజీలు తీస్తున్నారనుకొని జనం చూస్తారు. మొదటి పావుగంట మెదడును తాకుతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత మాత్రం తంబురా తీగల మీద ఆడే సన్నని జీరు కూడా వినిపించింది. పాడే ఆయన పల్లవి ఎత్తుకోబోయే ముందు ఊపిరి పీల్చడం వినిపించింది. ఆ తన్మయత్వంలో అమీర్‌పేటలో దిగి రైలు మారడం మరచి, ఎస్.ఆర్. నగర్ వచ్చాక కళ్ళు తెరిచాను. వారం తిరగకుండానే చెవి దురదపెట్టి ఆ జతను తిరిగి ఇచ్చేశాను. ఎంత గొప్ప నాదమైనా గంటసేపు భరించలేని చెవికి ఉపయోగమేమిటి?

నాలుగోది మా అమ్మాయి మొదటి జీతంతో కొనిపెట్టింది. తీగలు లేని నాయిస్ క్యాన్సెలింగ్ రకం. బయటి రొదను చిన్న మైకుతో విని, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టించి అణచివేస్తుంది. విరోధిని విరోధితోనే కొట్టించే చాణక్యం. కాని దీని ప్రతాపం గుయ్యిమని ఏకధాటిగా సాగే మంద్రశబ్దాల మీదే ఎక్కువ. ఇంజను హోరు, ఏసీ మోత, పట్టాల మీది గుమగుమ చిత్రంగా మాయమవుతాయి. మలుపులో చక్రాల కీచు, పసిపిల్లవాడి ఏడుపు, ఎదుటివారి స్పీకర్ ఫోను సంభాషణ అంతగా లొంగవు. వాటిని ఆపాల్సింది మళ్ళీ ఆ రబ్బరు టోపీయే. అంటే పది రెట్లు ధర పెట్టినా టోపీ నప్పకపోతే సగం డబ్బు గాలిలోకే. పైగా లోపలి చిన్న బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తే మార్చే వీలు సాధారణంగా ఉండదు. అంత నేర్పుతో చేసిన వస్తువును చెత్తబుట్టలో వెయ్యాలంటే ప్రాణం ఒప్పదు.

ఇంతకీ రొద ఆపడం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకూ పరవాలేదంటుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ కాలం సగమైపోతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. 92కి వస్తే రెండున్నర గంటలు, వారం మొత్తానికి! నా ఫోనులో శబ్దం కొలిచే ఆప్‌తో చూస్తే బోగీలో రొదే 78, 80 మధ్య ఆడుతోంది. ఆ కొలత అంత కచ్చితం కాకపోవచ్చు, అయినా దానిమీద పాట తేలాలంటే ఎంత పెంచాలో ఊహించుకోవచ్చు. అదే 20 డెసిబెల్స్ ఆపే టోపీ పెట్టుకుంటే బోగీ ఒక ప్రశాంతమైన గది అవుతుంది. పాట దానంతట అదే దిగివస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్న శబ్దంతో వింటే మంద్రస్వరాలు మన చెవికి మరీ తక్కువగా ఆనుతాయి. దీన్ని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. అందుకే తగ్గించగానే పాట పలచబడ్డట్టు అనిపించి చెయ్యి మళ్ళీ పైకి పోతుంది. గట్టిగా మూసే టోపీ ఆ మంద్రాన్ని జారిపోనివ్వదు కాబట్టి ఆ తహతహ తగ్గుతుంది. నేను చివరికి కోఠీ జతకే రబ్బరు తీసి నురుగు టోపీలు తొడిగాను. వేళ్ళ మధ్య నలిపి చెవిలో పెట్టి అర నిమిషం పట్టుకుంటే ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. తారస్థాయిలోని పదును కొంచెం తగ్గుతుంది. కొందరు దాన్ని లోపమంటారు. నేను వినేది ఎక్కువగా ఆకాశవాణి కాలపు పాత రికార్డింగులు. అందులోని సూదిపోటు లాంటి గరగరను మెత్తబరిస్తే నాకు మేలే. కొన్ని నెలలకోసారి కొత్తవి కొనాలి, అంతే. వారానికోసారి తుడుచుకోవాలి కూడా. ఒకసారి కుడివైపు శబ్దం పూర్తిగా పోతే కొట్టువాణ్ణి తిట్టుకుంటూ రెండు రోజులు గడిపాను. తీరా చూస్తే జాలీకి అడ్డంపడింది నా గులిమే.

ఇంత సిద్ధాంతమూ మా అమ్మాయికి చెప్పి, నురుగు టోపీల డబ్బా చేతిలో పెట్టాను. తను ఉచితంగా వచ్చిన ఆ గుమ్మం రకమే పెట్టుకుని బస్సులో వస్తుంది. "వద్దు నాన్నా. రాత్రి తొమ్మిదింటికి స్టాపు నుంచి నడిచి వస్తాను. వెనక ఎవరొస్తున్నారో నాకు వినపడాలి" అంది. నేనింతసేపూ మగవాడిగా, కూర్చునే సీటు దొరికిన ప్రయాణికుడిగా లెక్కలు వేశానని అప్పుడు తెలిసింది. రొద ఆగడం నాకు సుఖం, తనకు భయం. రోడ్డు దాటేటప్పుడు నేనూ తీసేస్తాను గాని, తనకు దారంతా రోడ్డు దాటడమే.

కొన్నాళ్ళు వాదించుకున్నాం. చివరికి ఆ ఖరీదైన జత తనకే ఇచ్చేశాను. అందులో మీట నొక్కితే మైకులు బయటి శబ్దాన్ని లోపలికి వినిపించే ఏర్పాటుంది. బస్సులో మూసుకుంటుంది, స్టాపు రాగానే తెరుచుకుంటుంది. వీధి మొదట్లో మాత్రం అవి కూడా తీసి సంచిలో వేసుకుంటుంది. నాకు కోఠీ జత చాలు. శబ్దం గీత ఇప్పుడు సగం దాటదు. కీచురాయి ఉండనే ఉంది. కరెంటు పోయిన రాత్రుల్లో పలకరిస్తుంది.