పసుపు మాత్ర – పోపు గరిటె

అమెరికాలోని మందుల దుకాణాలలో నేడు విటమిన్ల వరుసలో పసుపు మాత్రల సీసాలు కనిపిస్తాయి. వాటిని కొనేవారిలో తెలుగువారూ ఉన్నారు. విచిత్రమేమంటే, ఆ సీసా చేరిన ఇళ్ళలోనే చాలాచోట్ల పోపు పెట్టడం తగ్గుతున్నది. చలికాలంలో కిటికీలు తెరవడానికి వీలుండదు. పొగ లేస్తే అలారం మోగుతుంది. బడికి వెళ్ళే పిల్లవాని కోటుకు ఇంగువ వాసన అంటుకుంటుందని తల్లికి బెంగ. వంటింటి నుండి సాగనంపిన పసుపును మందుల అలమరలోకి సగౌరవంగా ఆహ్వానించడం ఆధునిక భ్రమలలో ఒకటి.

ఈ భ్రమకు శాస్త్రం పేరు అండగా నిలుస్తున్నది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరు కాగా, భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన ఆధారాలు చూపగా అది 1997లో రద్దయింది. ప్రవాసులు గర్వించదగిన విజయమే. కాని అక్కడ తేలినది ఆ వాడకం కొత్తది కాదన్న విషయమే. పసుపు సర్వరోగ నివారిణి అని ఎవరూ తీర్పు చెప్పలేదు.

మిరియాలలోని పైపరిన్ తోడైతే పసుపులోని కర్కుమిన్ రక్తంలోకి అనేక రెట్లు అధికంగా చేరుతుందని బెంగుళూరు పరిశోధకులు 1998లో ప్రకటించారు. మిరియాల చారు కాచిన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని చెప్పి చప్పట్లు కొట్టించుకునే వక్తలకు కొదవ లేదు. వారు లెక్క చూడరు. ఆ పరీక్షలో మనిషికి ఇచ్చినది 2 గ్రాముల కర్కుమిన్. పసుపులో కర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్ళే గనుక, ఇంటిల్లిపాదికీ కాచే చారులో అర గ్రాము పసుపు వేస్తే దక్కేది 15 మిల్లీగ్రాములు! ఇక మాత్రల సంగతి: పసుపు మాత్రలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని అమెరికా వైద్యులు 2022లో నివేదించారు.

మరి చారన్నం ఇచ్చే ఊరట ఎక్కడిది? అది ముక్కు నుండి వస్తుంది. వాసనలను పసిగట్టే గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే అట్టి జన్యువులు సుమారు 400. చూపు, వినికిడి మెదడులో తలామస్ అనే మజిలీ మీదుగా సాగుతాయి. వాసన అక్కడ ఆగకుండానే ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు నెలవైన భాగాలను చేరగలదు. ఇంగువ ఘుమఘుమకు అమ్మమ్మ ఇల్లు గుర్తుకు రావడంలో వింత లేదు. అయితే బాల్యంలో ఆ వాసన ఎరుగని బిడ్డకు గుర్తుకు రావడానికి ఏముంటుంది?

ఆవాలనే తీసుకోవచ్చు. ఆవకాయలో ఆవపిండి ఘాటు నషాళానికి అంటుతుంది; అవే ఆవాలు పోపులో కమ్మగా ఉంటాయి. గింజను పొడిచేసి తడి తగిలిస్తే మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొట్టి ఘాటు పుట్టిస్తుంది. కాగిన నూనెలో వేసిన గింజలో తేమ ఆవిరై గింజ చిట్లుతుంది. ఆ వేడికి ఎంజైము నశిస్తుంది, ఘాటు పుట్టదు. గింజ ఒకటే, రుచులు రెండు! చిటపటలు సద్దుమణిగే క్షణాన్ని చెవితో పట్టుకుని ఇంగువ వేయడం పొయ్యి దగ్గర నిలబడితేనే అబ్బుతుంది. సీసా మీద అచ్చువేసిన సూచనలలో అది దొరకదు.

కోట్లను పడకగదిలో పెట్టి తలుపు వేయడం పెద్ద శ్రమ కాదు. కొందరు గరాజులో విద్యుత్ పొయ్యి అమర్చుకుని, మంచు కురిసే రోజుల్లో తలుపు సగం ఎత్తి పోపు పెడతారు. దారిన పోయే పొరుగువారు ఒక్క నిమిషం ఆగి చూస్తారు. ఉన్ని టోపీ పెట్టుకుని పక్కన నిలిచిన పిల్లవాడు మాత్రం కరివేపాకు రెబ్బ పట్టుకుని, ఆవాలు ఎప్పుడు ఆగుతాయా అని చెవి ఒగ్గి ఉంటాడు.