సున్నా బీపీ

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి ఇంజినీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల దాకా ఒక నమ్మకం పాతుకుపోయింది: ముందు పైథాన్, మెషిన్ లెర్నింగ్ వస్తే చాలు, వైద్యం సంగతులు ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు, బ్యాంకు డేటా అయినా ఆస్పత్రి డేటా అయినా అంకెలే కదా అని. ఇది తప్పు. ప్రాణాలతో ముడిపడిన తప్పు.

విద్యార్థులు మొదట్లోనే పట్టుకునే పీమా డయాబెటిస్ డేటాసెట్‌ను తీసుకోండి. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగకు చెందిన, 21 ఏళ్లు నిండిన 768 మంది స్త్రీల వివరాలవి. వారిలో 35 మందికి బీపీ సున్నా. 374 మందికి ఇన్సులిన్ సున్నా. బతికున్న మనిషికి బీపీ సున్నా ఉండదని నర్సింగ్ విద్యార్థికి ఒకరు చెప్పనక్కర్లేదు. అవి కొలతలు కావు, కొలత లేనిచోట పడ్డ సున్నాలు. వాటిని అలాగే మోడల్‌కు ఎక్కించి, వచ్చిన శాతాన్ని రెజ్యూమెలో రాసుకునేవాళ్లు ఎందరో. కాస్త జాగ్రత్తపరులు సగటుతో పూరిస్తారు. దాదాపు సగం మందికి లేని ఇన్సులిన్ విలువను మిగతావాళ్ల సగటుతో నింపితే అది డేటాను శుభ్రం చేయడం ఎలా అవుతుంది? ఆ పరీక్ష ఎవరికి చేశారు, ఎవరికి చేయలేదు, ఎందుకు? జవాబు కోడ్‌లో దొరకదు.

పరిశోధకులకూ ఈ దెబ్బ తగిలింది. కోవిడ్‌ను ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో పట్టే మోడళ్లపై 2021లో వెలువడిన ఒక సమీక్ష 62 అధ్యయనాలను నిశితంగా పరిశీలించి, చికిత్సలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చింది. కొన్నింటిలో కోవిడ్ ఎక్స్‌రేలు పెద్దలవి, పోలికకు తెచ్చినవి చైనాలోని గ్వాంగ్‌జౌలో తీసిన, ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలవి. అలాంటి మోడల్ జబ్బును గుర్తుపట్టిందా, వయసునా?

డాక్టర్లు పక్కనే ఉంటారుగా అంటారు కొందరు. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల లెక్కల నుంచి ఒక సూత్రం బయటపడింది: ఉబ్బసం ఉన్నవారికి చావు ముప్పు తక్కువ. డేటా నిజమే, గణితమూ సరైనదే. ఉబ్బసం ఉందనగానే నేరుగా ఐసీయూలో చేర్చి చూసుకోవడం వల్లే వాళ్లు బతికారు. ఆ సూత్రాన్ని నమ్మి ఇళ్లకు పంపితే ప్రాణాల మీదికి వచ్చేది. అది మనిషి చదవగలిగే రూపంలో ఉంది కాబట్టి అనుమానం వచ్చింది. అదే డేటాతో తయారైన న్యూరల్ నెట్‌వర్క్ లోపల దాక్కుని ఉంటే ఏ డాక్టరు కంట పడుతుంది?

కాబట్టి సిలబస్ వరుస మారాలి. ల్యాప్‌టాప్ తెరవకముందే విద్యార్థి పీహెచ్‌సీలో కొన్నాళ్లు కూర్చోవాలి. ఓపీ చీటీ ఎలా రాస్తున్నారు, ల్యాబ్ ఫలితం ఎప్పుడు ఎక్కుతోంది, ఏఎన్ఎం ట్యాబ్‌లో ఏ గడి ఖాళీగా వదిలేస్తున్నారు అన్నవి కళ్లారా చూడాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కాలేజీ నుంచి ఒక ఉత్తరం, డీఎంహెచ్‌ఓ అనుమతి ఉంటే వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు.