ఆ రెండో అంకె కూడా చూడండి

మేము ఒట్టావాలోని కనాటాలో ఉంటాం. గత జనవరిలో ఊరి నుంచి వచ్చిన నాన్నగారు "నిన్నా మైనస్ ఇరవయ్యే కదా" అంటూ గ్లవ్స్ లేకుండానే మనవణ్ణి స్కూల్ బస్సు ఎక్కించడానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి వేళ్ల చివర్లు తెల్లబడి, స్పర్శ తెలియలేదు. గోరువెచ్చని నీళ్లలో పెట్టాక గానీ తేరుకోలేదు.

తప్పు ఆయనది కాదు, నాది. ఆ అంకె ఏం చెబుతుందో నేను వివరించలేదు. కెనడా వాతావరణ శాఖ ఉష్ణోగ్రతను ఎండ తగలని నీడలో, నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున కొలుస్తుంది. ఈదురుగాలి వీచినంత మాత్రాన థర్మామీటర్‌లో అంకె తగ్గదు. మన ఒంటి వేడి మాత్రం త్వరగా పోతుంది. అందుకే 'విండ్ చిల్' అని మరో అంకె ఇస్తారు. దాని ఇప్పటి సూత్రాన్ని కెనడా, అమెరికా కలిసి 2001లో తెచ్చాయి. మైనస్ 20 డిగ్రీల చలికి గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే విండ్ చిల్ మైనస్ 33. అప్పుడు ఏమీ కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు.

అమ్మానాన్నలను పిలిపించుకుని జాకెట్ కొనిచ్చేస్తే మన బాధ్యత తీరిపోదు. విమానం దిగిన మర్నాడే ఫోన్‌లో ఆ రెండో అంకె ఎక్కడుంటుందో చూపించాలి.