గురక అంకె చూసి గుబులొద్దు

'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) పాటలతో తెలుగువారిని ఊపేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూశారు. వైద్యులు చెప్పిన కారణాల్లో స్లీప్ అప్నియా ఒకటి. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బది. గురకే కదా అని నవ్వి ఊరుకోలేం.

దీనికి వాడే సీప్యాప్ యంత్రం మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసుకోకుండా చూస్తుంది. కొన్ని యంత్రాలు తెల్లారాక గురక లెక్కా చూపిస్తాయి. చిక్కంతా అక్కడే! 'ఇంత ఖర్చుపెట్టినా గురక పోలేదే' అని యంత్రాన్ని అటకెక్కించేవారున్నారు. తొందరపడకండి.

గాలి ప్రవాహంలోని సన్నటి అదురును యంత్రం గురకగా లెక్కేస్తుంది. గొట్టంలో నీరు చేరినా, మాస్కు పక్కనుంచి గాలి పోయినా ఆ లెక్క తప్పొచ్చు. అందుకే మరో రెండు అంకెలు చూడాలి. మొదటిది ఏహెచ్ఐ. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో చెబుతుంది. 5లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదు. రెండోది గాలి లీకేజీ. ఇది ఎక్కువైతే మాస్కు సరిచేసుకోవాలి.

జలుబు, మద్యం, వెల్లకిలా పడుకోవడం కూడా గురకను పెంచుతాయి. ఇవేవీ లేకున్నా రోజూ గురక కనిపిస్తున్నా, ఏహెచ్ఐ పెరిగినా, పగలు కునుకుపాట్లు పడుతున్నా గాలి ఒత్తిడి చాలడం లేదేమో! దాన్ని తేల్చాల్సింది డాక్టరే. సొంతంగా మార్చొద్దు.

మార్నింగ్ షోతోనే సినిమా జాతకం తేల్చకూడదని ఫిల్మ్‌నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఇదీ అంతే. రెండు వారాల అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి. అన్నట్టు, పక్కన పడుకునేవారినీ అడగండి. అసలు గురక వినేది వాళ్లే!